తుంటి విరిగిన పెద్దలకు తిరిగి నడక

(ఖరగ్‌పూరు తెలుగు ఉద్యోగుల సాంస్కృతిక సభయందు చేసిన ప్రసంగపాఠము)

ఖరగ్‌పూరు కాలినడకను, సైకిలును నమ్ముకొని పెరిగిన పట్టణము. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఇరువదవ శతాబ్ది ఆరంభమునాటికి ఈ ప్రదేశమును జంక్షనుగా మార్చి, ఇచట పెద్ద కర్మాగారమును నెలకొల్పినది. ఆ కర్మాగారపు కూతను నమ్ముకొని శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములనుండి తెలుగువారు వేల సంఖ్యలో వచ్చి స్థిరపడిరి. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడిన తరువాత కూడ ఆ రాక ఆగలేదు. ఆనాడు వచ్చినవారి మనుమలు, మునిమనుమలు నేడు ఉద్యోగములలో నున్నారు. పింఛను పుచ్చుకొనుచున్న పెద్దలు మథురాకాటిలోను, నింపురాలోను, కొత్త సెటిల్‌మెంటు, పాత సెటిల్‌మెంటు పరిసరములలోను ఇండ్లు కట్టుకొనియో, బిడ్డల క్వార్టర్లలోనో కాలము గడుపుచున్నారు.

ఆ పెద్దల దినచర్య నడకతో ముడిపడియున్నది. ఉదయము గోల్‌బజారునకు కూరగాయలకై పోవుట, సాయంకాలము గుడికి పోవుట, నెలకొకమారు ఆస్పత్రికి మందులకై పోవుట, ఊరినుండి వచ్చు చుట్టమును ఎదుర్కొనుటకు స్టేషనునకు పోవుట. ఈ స్టేషను ప్లాట్‌ఫారము పొడవు 1072 మీటర్లు. 2013లో గోరఖ్‌పూరు, 2023లో హుబ్బళ్లి దానిని మించిపోవువరకు లోకములో అంత పొడవైన ప్లాట్‌ఫారము వేరొకటి లేదని చెప్పుకొనెడివారు. ఆ చివరనుండి ఈ చివరకు డబ్బా మోసికొని నడచిన మనిషి, డెబ్బదియేండ్లు దాటిన పిమ్మట, స్నానపు గదిలో తడినేలపై కాలు జారి పడును. లేవబోయిన లేవలేడు. ఒక కాలు పొట్టియై, పాదము బయటకు తిరిగిపోయి యుండును. తుంటి విరిగినదన్నమాట.

ఆ క్షణమునుండి ఇంటివారి మనస్సులో రెండు ప్రశ్నలు మాత్రమే మెదలును: ఆపరేషన్ అగునా? ప్రాణము నిలుచునా? ఆ ప్రశ్నలు సహజమైనవే. కాని వానికంటె ముఖ్యమైన మూడవ ప్రశ్న ఒకటి కలదు: ఈ మనిషి తిరిగి తన కాళ్లపై నడచి, తన పనులు తాను చేసికొనగలడా? మొదటి రెండింటికి సమాధానము చెప్పవలసినది ఆస్పత్రి. మూడవదానికి సమాధానము చెప్పవలసినది చాలవరకు ఇల్లు. నేటి ప్రసంగమునకు సారాంశము ఇదియే.

తుంటి విరుగుట యనగా తొడయెముక పైకొన విరుగుట. ఆ ఎముక తల గుండ్రని బంతివలె కటి ఎముకలోని గుంటలో కూర్చుండియుండును. బంతికి క్రిందనున్న సన్నని భాగమును మెడ యందురు. అక్కడ విరిగిన, బంతికి పోవు రక్తనాళములు తెగిపోవుట కలదు. అందుచేత ఎముక అతుకుకొనుట కష్టము. మెడకు దిగువన విరిగినచో రక్తప్రసారము నిలుచును గాని, బలమైన తొడ కండరములు విరిగిన ముక్కలను చెరియొక వైపునకు లాగును. ఏ విధముగా విరిగినను పైనుండి వేసిన కట్టు ఆ లోతునకు చేరి పట్టి నిలుపజాలదు. చేయి విరిగినప్పుడు నాటు కట్టుతో నయమైనవారు తెలుగు దేశమున పలువురుందురు. ఆ అనుభవమును తుంటికి అన్వయింపరాదు.

యువకుడు పడిన దెబ్బ తగులును, లేచిపోవును. వృద్ధుడు పడిన ఎముకయే విరుగుట ఏల? వయస్సుతో ఎముక లోపల గుల్లబారును. స్త్రీలలో ముట్లుడిగిన పిమ్మట ఈ మార్పు త్వరితమగును. పైకి ఏ బాధయు తెలియదు, పడినప్పుడే తెలియును. హర్యానాలోని రోహ్‌తక్ జిల్లాలో జరిగిన పరిశీలనయందు 50 ఏండ్లు దాటినవారిలో ఏటా లక్షమందికి సుమారు 130 మందికి తుంటి విరుగుచున్నట్లు తేలినది. పురుషులకంటె స్త్రీలలో ఇది హెచ్చు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్యవిజ్ఞాన సంస్థ పరిశోధకులు 2007లో ప్రకటించిన విషయము తెలుగువారికి మరింత దగ్గరిది. ఎండకు కొదువలేని ఆ సీమలో, ఆరోగ్యముగా కనిపించువారిలో కూడ, విటమిన్ డి లోపము విస్తారముగా నున్నదనియు, భోజనములో కాల్షియము తక్కువయనియు వారు చూపిరి. అన్నము, చారు, పచ్చడితో సరిపెట్టుకొను వృద్ధుల పళ్లెము చూచిన ఇందులో ఆశ్చర్యము కనబడదు.

ఇక మొదటి రెండు దినముల సంగతి. తుంటి విరిగిన వృద్ధునకు ఆపరేషన్ ఆలస్యము చేయరాదు. ఆస్పత్రిలో చేరిన దినముననో, మరునాడో ఆపరేషన్ జరుగవలెనని బ్రిటిష్ జాతీయ ఆరోగ్య మార్గదర్శక సంస్థ 2011లో నిర్దేశించినది. 17 దేశములలో, భారతదేశము కూడ చేరిన ఒక పెద్ద పరిశోధన ఫలితములు 2020లో వెలువడినవి. సుమారు 3,000 మంది రోగులను పరిశీలింపగా, నిర్ధారణయైన కొద్ది గంటలలోనే ఆపరేషన్ చేసినందువలన మరణములు తగ్గలేదు. కాని మతిభ్రమ తగ్గినది, రోగులు త్వరగా లేచి నిలిచిరి, త్వరగా ఇల్లు చేరిరి. అనగా శీఘ్రచికిత్స ఫలము నడకలో కనబడుచున్నది.

ఖరగ్‌పూరు తెలుగు కుటుంబములలో ఇచటనే ఒక చిక్కు వచ్చును. “విశాఖలో చిన్నవాడున్నాడు, అక్కడకు తీసికొనిపోవుదము” అని ఒకరు, “కలకత్తా పోవుదము” అని ఒకరు, “హైదరాబాదునుండి పెద్దవాడు వచ్చువరకు ఆగుదము” అని మరొకరు అందురు. విశాఖ ఏడువందల కిలోమీటర్లకు మించిన దూరము. విరిగిన తుంటితో ఆ ప్రయాణము నరకయాతన. దానికితోడు విలువైన దినములు గడచిపోవును. స్థానికముగా రైల్వే ఆస్పత్రి కలదు, సమీపమున మేదినీపూర్ వైద్య కళాశాల ఆస్పత్రి కలదు. అవసరమైనచో రైల్వే ఆస్పత్రివారే కలకత్తా గార్డెన్ రీచ్‌లోని కేంద్ర ఆస్పత్రికి పంపుదురు. ఎక్కడ త్వరగా ఆపరేషన్ జరుగునో అక్కడ జరిపించుట మేలు. బిడ్డలు తరువాత రావచ్చును. నిజమునకు వారి అవసరము తరువాతనే ఎక్కువ. “ఈ వయస్సున కత్తి ఎందుకు?” అను మాట కూడ తొందరపడి అనరాదు. తొంబది దాటినవారికి సైతము ఈ ఆపరేషన్ చేయుదురు. ఇది నడకకొరకు మాత్రమే గాక, బాధ తగ్గి ప్రక్కకు ఒత్తిగిలుటకు, కూర్చుండుటకు కూడ అవసరము.

ఆపరేషన్ ముగిసినది. ఇంటివారు నిట్టూర్చి, “ఇంక కదలకుండ మూడు నెలలు పడుకొనిన చాలు” అందురు. అత్యంత ప్రమాదకరమైన మాట ఇదియే. ఇది ప్రేమతో పుట్టిన మాట, పాత కాలపు అనుభవమునుండి వచ్చిన మాట. పూర్వము తుంటి విరిగినవారికి కాలికి బరువులు కట్టి వారములు, నెలలు మంచముపై నుంచెడివారు. పలువురు ఎముక అతుకుకొనకముందే ఊపిరితిత్తుల జబ్బుతోను, పడకపుండ్లతోను పోయెడివారు. ఆ కాలమున కదలక పడుకొనుట విధిలేక చేసినది. లోహపు మేకు, కృత్రిమమైన బంతి వచ్చిన తరువాత ఆ అగత్యము తప్పినది. అగత్యము తప్పినను అలవాటు మాత్రము తప్పలేదు.

పడక మనిషిని ఎట్లు తినివేయునో శాస్త్రజ్ఞులు కొలిచి చూచిరి. 2007లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధనయందు, ఏ రోగమును లేని వృద్ధులను కొందరిని పది దినములు మంచముపై నుంచిరి. ఆ పది దినములలో వారి కాళ్లలోని కండ సగటున ఇంచుమించు ఒక కిలో తరిగిపోయినది. ఆరోగ్యవంతుల గతియే ఇది. ఇక విరిగిన తుంటి, ఆపరేషన్ నీరసము, ఆకలి లేమి తోడైన మనిషి సంగతి చెప్పనేల? కండతో పాటు ఊపిరితిత్తులలో కఫము చేరును, కాళ్ల సిరలలో రక్తము గడ్డకట్టును, మలబద్ధకము కలుగును, నడుము క్రింద చర్మము చితుకును, పగలు రాత్రి తెలియక మనస్సు తప్పును. తుంటి విరిగిన వృద్ధులలో ఏడాది తిరుగకముందే అయిదుగురిలో ఒకరో, నలుగురిలో ఒకరో గతించుచున్నారని పలు దేశముల లెక్కలు తెలుపుచున్నవి. బ్రతికినవారిలో సగముమందికి పూర్వపు నడక తిరిగి రాదు. ఈ నష్టమంతయు విరిగిన ఎముకవలననే కాదు. దాని వెంట వచ్చిన పడకవలన కూడ.

దీనికి విరుగుడు కనిపెట్టినవారిలో ఒక స్త్రీని స్మరింపవలెను. 1935లో లండను సమీపమునగల వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆస్పత్రిలో మార్జరీ వారెన్ అను వైద్యురాలికి, పేదల ఆశ్రమమునుండి సంక్రమించిన ఏడువందలకు పైగా రోగులను అప్పగించిరి. అందు పెక్కుమంది ఏండ్ల తరబడి మంచము దిగని వృద్ధులు. “వీరికి చికిత్స లేదు, సంరక్షణ మాత్రమే” అని లోకము అనుకొనుచున్న కాలమది. ఆమె ఒక్కొక్కరిని విడిగా పరీక్షించి, కూర్చుండబెట్టి, నిలువబెట్టి, నడిపించి, అనేకులను ఇండ్లకు పంపినది. పిమ్మట ఇంగ్లండులోని హేస్టింగ్స్ పట్టణమున ఎముకల శస్త్రవైద్యుడును, వృద్ధుల వైద్యుడును ఒకే వార్డులో కలసి తుంటి విరిగినవారిని చూచు పద్ధతి వర్ధిల్లినది. ఎముకను ఒకరు, మనిషిని ఒకరు చూడవలెనన్నదే ఆ పద్ధతిలోని కిటుకు.

రైలు ఉద్యోగులకు ఈ సంగతిని వారి భాషలోనే చెప్పవచ్చును. పట్టాల క్రింద కంకర తీసి, జల్లించి, తిరిగి పోసిన పిమ్మట ఆ లైనును నెలల తరబడి ఖాళీగా ఉంచరు. డ్రైవరునకు కాషన్ ఆర్డరు ఇచ్చి, మెల్లగా బండిని నడిపింతురు. బండి బరువు పడిన కొలది, గాంగుమనుషులు సరిచేసిన కొలది కంకర సర్దుకొని గట్టిపడును. వేగమును మెట్టుమెట్టుగా పెంచుదురు. బండి నడువని లైను గట్టిపడదు. ఒక్కసారిగా పూర్తి వేగముతో నడిపిన లైను నిలువదు. ఆపరేషన్ అయిన తుంటికి కూడ ఈ రెండు నియమములే వర్తించును.

ఆపరేషన్ మరునాడే రోగిని మంచము దింపి నిలువబెట్టవలెనన్నది నేటి వైద్యమతము. ఎంత బరువు మోపవలెనో ఆపరేషన్ చేసిన వైద్యుడే చెప్పవలెను; సాధారణముగా ఓర్చుకొనగలిగినంత బరువు మోపుమని చెప్పుదురు. కావున ఆస్పత్రి విడుచుటకు ముందు ఇంటివారు ఆ ఒక్క ప్రశ్న తప్పక అడిగి, సమాధానము వ్రాసికొనవలెను. నొప్పి మాత్రలు వేళకు ఇచ్చి, నొప్పి అణగిన సమయమున నడిపింపవలెను. నొప్పిని ఓర్చుకొనుట గొప్పయని మాత్ర మానిన, నడక కూడ మానవలసి వచ్చును.

మొదటి వారములో పని ఇది: పడుకొని పాదములను పైకి క్రిందికి ఆడించుట, మోకాలిని మంచమునకు అదిమి తొడ బిగించుట, మడమను మెల్లగా వెనుకకు జరుపుట, కుర్చీలో కూర్చుండి భోజనము చేయుట, వాకరు పట్టుకొని గదిలో నాలుగడుగులు వేయుట. దూరముకంటె తడవలు ముఖ్యము. ఒకసారి అలసిపోవునట్లు నడచుటకంటె దినమునకు అయిదారు సారులు కొద్దికొద్దిగా నడచుట మేలు. తరువాతి వారములలో కుర్చీనుండి చేతుల సాయము తగ్గించుకొనుచు లేచుట, బల్ల పట్టుకొని కాలిని ప్రక్కకు ఎత్తుట, వసారా దాటి వీధివరకు పోవుట. వాకరునుండి చేతికర్రకు మారునప్పుడు కర్రను మంచి కాలి వైపు చేతిలో పట్టవలెను. చాలమంది విరిగిన వైపున పట్టుదురు, అది పొరపాటు. మెట్లెక్కునప్పుడు మంచి కాలు ముందు, దిగునప్పుడు కర్రయు ఆపరేషన్ కాలును ముందు. కృత్రిమ బంతి వేసినవారు వైద్యుడు అనుమతించువరకు పీటపై కూర్చుండుట, గొంతుకూర్చుండుట, కాలుపై కాలు వేయుట మానవలెను.

ముసలి శరీరమునకు ఈ శ్రమ ఏమి ఫలించునని సందేహింపవద్దు. 1990లో అమెరికాలో సగటున తొంబదియేండ్ల వయస్సుగల పదిమంది వృద్ధాశ్రమవాసులచేత ఎనిమిది వారములు కాళ్లతో బరువులెత్తించిరి. వారి కాళ్ల బలము రెట్టింపునకు మించి పెరిగినది. కండకు పనిచెప్పిన, అది వయస్సు అడుగదు.

ఇల్లు కూడ రోగితో పాటు మారవలెను. పాత క్వార్టర్లలో పాయిఖానా నేలమట్టముననుండుట, గడపలు ఎత్తుగా నుండుట, స్నానపు గది ఎప్పుడును తడిగా నుండుట సర్వసాధారణము. కమోడు కుర్చీ ఒకటి, గోడకు గట్టి ఇనుప పట్టుకొమ్మి ఒకటి, మంచమునుండి పాయిఖానావరకు రాత్రి వెలుగు, జారని చెప్పులు – ఇవి ఖరీదైనవి కావు. జారు చాపలు, తివాసి ముక్కలు, దారిలో తీగలు తీసివేయవలెను. కండ్లజోడు సరిపోవుచున్నదో లేదో చూపించవలెను. నిద్రమాత్రలు, రక్తపోటు మందులు తలతిప్పునట్లు చేయుచున్నవేమో వైద్యుని అడుగవలెను. ఒకసారి పడినవారు మరల పడుదురు. రెండవ తుంటి విరుగుట అరుదు కాదు.

అందుచేత ఎముకకు కూడ మందు వేయవలెను. ఆపరేషన్ విరిగినచోటును అతికినదే గాని, గుల్లబారిన ఎముకను బాగుచేయలేదు. తుంటి విరిగిన మూడు నెలలలోపల జోలెడ్రానిక్ యాసిడ్ అను మందును ఏడాదికొకసారి సిరలోనికి ఎక్కించినవారిలో మరల ఎముకలు విరుగుటయు, మరణములు కూడ తగ్గినట్లు 2007లో ఒక పరిశోధన తెల్పినది. ఈ మందో, వేరొకటో, రోగి మూత్రపిండముల స్థితి చూచి వైద్యుడు నిర్ణయించును. ఇంటివారు అడుగుట మరువరాదు. భోజనము మాటకు వచ్చిన, పథ్యము పేరిట చారన్నముతో ఎండగట్టుట తగదు. పప్పు, పెరుగు, గ్రుడ్డు, చేప – ఏది సమ్మతమో అది పూటపూటకు ఉండవలెను. నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము కలదు; ఉత్తరాంధ్ర వారికి చోడి అంబలి కొత్తది కాదు. వంగదేశపు చిన్న చేపలను ముల్లుతో నమిలి తినిన మరింత మేలు.

అన్నిటికంటె కష్టమైనది మనస్సు. పడిన మనిషికి మరల పడుదునను భయము. చూచువారికి మరల పడవేయుదుమను భయము. ఈ రెండు భయములు కలసి మనిషిని మంచమునకు కట్టివేయును. “అత్తయ్యగారూ, మీరు లేవకండి, నేను తెచ్చి పెట్టెదను” అను కోడలి మాట ఎంత తీయనైనదో అంత చేటు. “అత్తయ్యగారూ, ఈ కుర్చీలో కూర్చుండి బీరకాయలు తరిగి పెట్టండి, తరువాత ఇద్దరము వసారావరకు పోవుదము” అను మాట మందు. అన్ని పనులు ఇంటి కోడలిపైననో, కుమార్తెపైననో వేయుట కూడ న్యాయము కాదు. ఉదయపు నడక కుమారుడు, సాయంకాలపు నడక మనుమడు పంచుకొనవలెను. పింఛనుదారులకు 1997నాటి రైల్వే విశ్రాంత ఉద్యోగుల ఆరోగ్య పథకము ఆస్పత్రి ద్వారము తెరచును. మంచమునుండి వాకిలివరకు చేయి పట్టి నడిపింప ఏ పథకమునకును సాధ్యము కాదు.

ఇట్టి సమాజములు చేయగల పని కూడ కొంత కలదు. వాకర్లు, కమోడు కుర్చీలు కొద్ది నెలలకే అవసరపడును. పిదప అటకపైకి పోవును. వానిని సేకరించి, శుభ్రపరచి, అవసరమైన ఇంటికి ఎరువిచ్చుట సులభము. తుంటి విరిగి ఇల్లు చేరినవారిని వారమునకు రెండుమారులు పలుకరించి, కూడ నాలుగడుగులు వేయు యువకుల జట్టు ఏర్పడవచ్చును. భాష విషయము మరింత ముఖ్యము. వైద్యులు బెంగాలీలోనో హిందీలోనో చెప్పిన సూచనలు బిడ్డలకు తెలియును. ఇల్లు దాటని వృద్ధురాలికి తెలియవు. 2020 డిసెంబరులో పశ్చిమ వంగ మంత్రివర్గము తెలుగునకు అధికారభాషా గౌరవము నిర్ణయించినప్పుడు ఖరగ్‌పూరు తెలుగువారు సంతసించిరి. ఆ గౌరవము కార్యాలయపు పలకలతో ఆగక, “మంచి కాలు ముందు” అని పెద్ద అక్షరములలో వ్రాసిన ఒక తెలుగు కాగితమై రోగి మంచము ప్రక్కకు చేరవలెను. వైద్యులచేత సరిచూపించి అట్టి కాగితమును అచ్చువేయించుట ఒక చందా పుస్తకముతో తీరు పని.

సోదరీ సోదరులారా! తుంటి విరిగిన ప్రతివారును పూర్వమువలె నడుతురని చెప్పుట సత్యము కాదు. కొందరు కర్రతో నడుతురు, కొందరు ఇంటిలోనే నడుతురు, కొందరు నడువలేకపోవుదురు. కాని ఒకరి తోడు లేకుండ రాత్రి పాయిఖానాకు పోయి రాగలుగుట, తన కంచము తాను తీసికొనగలుగుట, వేసవి మాతాపూజనాడు వాకిట నిలిచి ఊరేగింపు చూడగలుగుట చిన్న విషయములు కావు. వృద్ధునకు మానము వానిలోనే కలదు. ఆ మానమును నిలుపుటకు ఆపరేషన్ మరునాటి ఉదయమున మంచము ప్రక్కన వాకరు సిద్ధముగా నుండవలెను. దాని ప్రక్కన తొందరపెట్టక, విడిచిపోక నిలిచియుండు ఇంటిమనిషి ఒకరుండవలెను.